రైలు లేని ఊళ్ళో ఇంగ్లీషు పరీక్ష

నాన్న పోయిన మూడో వారం ఆయన పెట్టె సర్దుతుంటే అడుగున ఒక ప్రశ్నపత్రం దొరికింది. టైపు కొట్టి, కార్బన్ పెట్టి తీసిన కాపీ. పైన ఆయన మార్కు హెచ్చరిక ఉంది: అన్ని ప్రశ్నలకూ జవాబులు రాయవలెను, పక్కవారి కాగితం చూడరాదు. ఆ పరీక్ష పెట్టింది ఒక్క పిల్ల కోసం. మా హాల్లో చాప మీద కూర్చుని రాసింది. పక్కవారంటే వాళ్ళ నాయనమ్మ ఒక్కతే. ఆవిడ గుమ్మం దగ్గర కూర్చుని టోపీ మీద దారంతో పువ్వులు కుట్టుకుంటోంది. ఆవిడకి ఇంగ్లీషులో ఒక్క ముక్క రాదు. అయినా నాన్న ఆ హెచ్చరిక తీసెయ్యలేదు. పరీక్ష అన్నాక ఉండాల్సినవన్నీ ఉండాలి అనేవారు. ఆ కాగితం చూసేసరికి, ఇన్నేళ్ళుగా అప్పట్లో తెలిసినవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ఒక వెధవ పని గుర్తొచ్చింది. అది నేను చేసిందే. నాన్న లేరు, అమ్మ అంతకుముందే వెళ్ళిపోయింది. బయటికి చెబితే నొచ్చుకునే మనుషులు ఎవరూ మిగల్లేదు గనక రాస్తున్నాను.

తొంభైల మొదట్లో మేము ఒమాన్‌లో రుస్తాఖ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మేము అంటున్నాను గానీ ముందు వెళ్ళింది అమ్మ. పాలకొల్లు దగ్గర మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగు అయి, నాకు ఏడేళ్ళప్పుడు వెళ్ళింది. జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా ఉన్న నాన్న రెండేళ్ళ తర్వాత లాంగ్ లీవు పెట్టి వెళ్ళి, అక్కడ మగపిల్లల హైస్కూల్లో ఉద్యోగం సంపాదించారు. నన్ను ఏలూరులో కాన్వెంటు హాస్టల్లో వేశారు. అమ్మంటే నాకు రెండేళ్ళకోసారి నెలరోజులు దొరికే మనిషి. మిగతా రోజులు ఉత్తరం. పదో తరగతి అయ్యాక నాకు పచ్చకామెర్లు వచ్చి చదువు ఆగిపోయింది. ఒక ఏడాది దగ్గర పెట్టుకుని తిండి పెడితే గానీ మనిషి కాదన్నారు డాక్టర్లు. అలా ఆ ఏడాది నాకు అమ్మ దొరికింది. జబ్బు చేస్తే ఇంత లాభమా అనుకున్నాను.

మా ఇల్లు నాసర్ అనే ఆసామిది. ఆయనకి ఖర్జూరం తోటలూ, నిమ్మతోటలూ ఉండేవి. ఇంటి వెనకనుంచే తోటలకి పారే నీటికాలవ పోయేది, దాన్ని ఫలజ్ అంటారు. పొద్దున్నే ఆ నీటి చప్పుడుతో మెలకువ వచ్చేది, దానితోపాటే అమ్మ యూనిఫారం గంజి వాసన, డెట్టాల్ వాసన. అమ్మ తెల్లబూట్లకి సున్నంలాంటి పాలిష్ రాసి కిటికీలో ఆరబెట్టేది. ఎండాకాలం మేడలమీద ఉడకబెట్టిన నిమ్మకాయలు నల్లబడేదాకా ఎండబెట్టేవాళ్ళు. మధ్యాహ్నం వేళ ఊరంతా ఆ పుల్లటి చేదు వాసన. దానికి పోటీగా మా వంటింట్లోంచి చేపల పులుసు. సముద్రం వైపునుంచి చేపల పికప్ హారన్ కొట్టుకుంటూ వస్తే, అమ్మ డ్యూటీ బట్టల్లోనే పరిగెత్తి బేరమాడేది. బేరం అరబ్బీలో మొదలై, హిందీలోకి దిగి, ఖాయమయ్యేది తెలుగులో. ‘పోనీలే ఇచ్చెయ్’ అనేది. అతను ఇచ్చేసేవాడు.

నాన్నకి ఒక జబ్బుండేది. ఎవరు కనబడ్డా ఇంగ్లీషులో పరీక్ష పెట్టాలి. మలయాళీ కొట్టు బోర్డు మీద చికెన్ స్పెల్లింగులో ఒక అక్షరం తగ్గిందని అక్కడ కోడి కొననిచ్చేవారు కాదు. శుక్రవారాలు సైట్‌లో పనిచేసే కరీంనగర్ వాళ్ళు కంపెనీ కాగితాలు చదివించుకోడానికి వచ్చేవారు. నాన్న కాగితం చదివే ముందు, ఈ వాక్యంలో కర్మ ఏది చెప్పు అనేవారు. వాళ్ళలో పెద్దాయన ఒకరు నవ్వకుండా, ‘సార్, మా కర్మ మాకెర్కనే. కంపెనీ ఏం రాసిందో చెప్పున్రి చాలు’ అన్నాడు. నాన్నకి ఆ శ్లేష అర్థమయ్యేలోపు మేమంతా నవ్వేశాం.

ఆయన చేతిలో ఎక్కువగా ఫెయిలయ్యేది అమ్మ. అమ్మ ఇంగ్లీషులో క్రియలు ఎటుపడితే అటు తిరిగేవి. డాక్టరుతో ఫోనులో మాట్లాడుతుంటే నాన్న పక్క గదిలోంచి తప్పులు దిద్దేవారు. అమ్మ ఫోను పెట్టేసి, ‘వాంతులయ్యేవాడికి బేసిను కావాలండీ, గ్రామరు కాదు’ అనేది. ఆడవాళ్ళ వార్డంతా ఆవిడ ఆ ఇంగ్లీషుతోనే నడిపేది. సూడాను డాక్టరుకీ, ఫిలిప్పీన్స్ నర్సులకీ, కొండల్లోంచి వచ్చే ముసలమ్మలకీ ఆవిడే మధ్యవర్తి.

నాసర్ గారి ఆఖరి కూతురు జువైనా. నాకంటే రెండేళ్ళు పెద్దది, పన్నెండో తరగతి చదువుతోంది. మస్కట్‌లో యూనివర్సిటీ పెట్టి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. అక్కడ సైన్సు చదవాలని ఆ పిల్ల పట్టు. సైన్సంతా ఇంగ్లీషులో చెబుతారు. అంతకుముందు ఏడాది వాళ్ళ బంధువుల అబ్బాయి ఒకడు వెళ్ళి, ఇంగ్లీషు అర్థంకాక ఆరునెలల్లో తిరిగొచ్చాడు. మగవాళ్ళంతా కూర్చుని కాఫీ తాగే మజ్లిస్ గదిలో వాడి మీద నవ్వులాట ఇంకా చల్లారలేదు. అందుకని నాసర్ గారు ఒక షరతు పెట్టారు. మా ఉస్తాద్, అంటే మాస్టారైన నాన్న, ఈ పిల్లకి పరీక్ష పెట్టాలి. పాసైతే మస్కట్ పంపుతారు, లేకపోతే వాళ్ళ ఆచారం ప్రకారం చిన్నాన్న కొడుకుతో పెళ్ళి. పెద్దమనిషిగా తీర్పు చెప్పే అవకాశం రావడంతో నాన్న వారం రోజులు నిటారుగా నడిచారు.

రోజూ సాయంత్రం జువైనా నాయనమ్మని వెంటబెట్టుకుని ట్యూషనుకి వచ్చేది. నాన్న దగ్గర గంటసేపు తలవంచుకుని కూర్చునేది. అది అయ్యాక వంటింట్లోకి వెళ్ళి అమ్మ దగ్గర కూర్చునేది, అక్కడ మాత్రం గలగలా మాట్లాడేది. ఉల్లిపాయలు తరుగుతూ, చేప తోముతూ ఇద్దరూ ఇంగ్లీషులో కబుర్లు చెప్పుకునేవారు. ఏ పేషెంటు ఏమందో, ఏ ముసలమ్మ సూదికి భయపడి మంచం కింద దూరిందో. తప్పులతో మాట్లాడే అమ్మ, తప్పులతో జవాబిచ్చే ఆ పిల్ల, ఇద్దరూ కడుపుబ్బా నవ్వుకోవడం. గుమ్మంలో నిలబడి వినే నన్ను, ‘ఏవే, ఆ చింతపండు అందుకో’ అనేది అమ్మ. తొమ్మిదేళ్ళు ఎదురుచూసి నేను తెచ్చుకున్న అమ్మ చేతిలోంచి చేపముక్క రుచి చూసేది మొదట ఆ పిల్ల. ఉప్పు సరిపోయిందో లేదో నన్నడగాలి కదా అని ఉండేది. నాకు ఉప్పు పథ్యం అన్న సంగతి అప్పుడు గుర్తుండేది కాదు.

పరీక్షలో మూడు భాగాలన్నారు నాన్న. గ్రామరు, వ్యాసం, లిజనింగ్. విని జవాబు రాసే ఆ మూడో భాగానికి క్యాసెట్ కావాలి. అలాంటి క్యాసెట్లు రుస్తాఖ్‌లో దొరకవు. అందుకని తన పాత రీడర్‌లోంచి ఒక పాఠం తీసి నాకిచ్చి, టేప్‌రికార్డర్‌లోకి చదవమన్నారు. అది ఒకాయన పొగమంచులో స్టేషన్‌కి ఆలస్యంగా వచ్చి, ప్లాట్‌ఫాం మీద పోర్టర్‌తో గొడవపడి, రైలు తప్పిపోయిన కథ. ఒమాన్‌లో రైలు లేదు. రుస్తాఖ్‌లో పొగమంచూ లేదు. పోర్టరంటే ఎవరో చెప్పాలంటే ముందు స్టేషన్ ఉండాలి. నాకివన్నీ తెలుసు. నాన్నకీ తెలిసే ఉండాలి, కానీ ఆయన దృష్టి పాఠంలో ఉన్న పరోక్ష వాక్యాల మీద ఉంది. నెమ్మదిగా చదువు, ఫుల్‌స్టాప్ దగ్గర రెండు అంకెలు లెక్కపెట్టుకో అని చెప్పి బజారుకి వెళ్ళారు.

నేను నెమ్మదిగా చదవలేదు. హాస్టల్లో మదర్ సుపీరియర్ ప్రార్థన చదివే వేగంతో, మాటల చివర్లు మింగేస్తూ, ముక్కుతో పలుకుతూ, ఊపిరి తీసుకోకుండా చదివాను. పొరపాటున కాదు. చదువుతున్నంతసేపూ వంటింట్లో ఆ పిల్ల నవ్వు నా చెవుల్లో ఉంది. నాన్న వచ్చి విన్నారు. మరీ వేగంగా ఉందంటారేమో, మళ్ళీ చదవాల్సొస్తుందేమో అనుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఆఖరిదాకా విని, ‘అచ్చం రేడియోలో తెల్లవాళ్ళు చదివినట్టుంది’ అన్నారు. హాస్టల్ ఫీజుకి ఫలితం దక్కిన తండ్రి ఆనందం ఆయన మొహంలో చూశాను. ఆయన విన్నది కూతురి గొంతు. పాఠం ఆయనకెలాగూ కంఠతా వచ్చు.

శుక్రవారం నమాజు అయ్యాక పరీక్ష. జువైనా గ్రామరు తిన్నగా రాసింది, వ్యాసమూ రాసింది. క్యాసెట్ మొదలవగానే కలం పట్టుకున్న చెయ్యి ఆగింది. రెండు క్షణాలు పెట్టె వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. నేను కిటికీలోంచి నిమ్మచెట్లు చూశాను. రెండోసారి వేసినప్పుడు నాయనమ్మ కుట్టుపని ఆపి, ఈ పెట్టెలో ఎవరో దెబ్బలాడుకుంటున్నారా అని అరబ్బీలో అడిగింది. నాన్న నిశ్శబ్దం అన్నారు. మొత్తం నూటికి నలభై ఒకటి. లిజనింగ్‌లో ముప్ఫైకి నాలుగు. నాన్న యాభై వస్తే పాసని ముందే చెప్పారు. ఆయన మూడుసార్లు దిద్దారు, ఎక్కడైనా ఒక మార్కు కలుస్తుందేమో అని నిజంగానే వెతికారు. కలవలేదు. మర్నాడు వెళ్ళి నాసర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పారు. నాసర్ గారు నిజం చెప్పినందుకు మెచ్చుకుని, బుట్టెడు ఖర్జూరాలు పంపించారు. ఆ ఖర్జూరాలు నేను తినలేకపోయాను. పథ్యమని చెప్పాను.

వారంరోజులు జువైనా రాలేదు. పెళ్ళి మాటలు మొదలయ్యాయని తెలిసింది. వంటింట్లో ఇప్పుడు అమ్మా నేనే. అడగాల్సిన ఉప్పు నన్నే అడుగుతోంది, కానీ ధ్యాస లేకుండా అడుగుతోంది. ఒక మధ్యాహ్నం యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటూ ఆ క్యాసెట్ పెట్టమంది. అంతా విని, ఇస్త్రీపెట్టె నిలబెట్టి, నా వైపు తిరిగింది.

‘ఇది నువ్వు చదివే పద్ధతి కాదు. ఎవరిమీద కోపం?’

నేను తల దించుకుని, ‘నీకు కూతుర్ని నేనొక్కదాన్నే అనుకున్నాను’ అన్నాను.

తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను. అమ్మ యూనిఫారం మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది. తర్వాత అంది: ‘ఇక్కడికొచ్చాక నీ ఈడు పిల్ల ఎంత ఎత్తుంటుందో, ఏం మాట్లాడుతుందో నాకు తెలిసేది కాదు. ఉత్తరంలో ఎత్తు తెలీదుగా. ఏడాదికేడాది ఆ పిల్లని చూసి తెలుసుకునేదాన్ని. అదీ సంగతి. పోయి మీ నాన్నకి నువ్వే చెప్పు.’

చెప్పాను. నాన్న విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తప్పే చేశావన్నారు. కానీ ఉచ్చారణలో మాత్రం ఎక్కడా తప్పు లేదన్నారు. యూనివర్సిటీలో మాస్టర్లు ఎవరికోసమూ నెమ్మదిగా చెప్పరు, ఇప్పుడు మాట మారిస్తే పరీక్షకి విలువేముంటుంది అన్నారు. పరీక్ష పరీక్షే. అమ్మ ఆ మాట గుమ్మంలోంచి విన్నది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది, టోపీ కూడా తియ్యలేదు.

‘అయితే నాకూ పెట్టండి ఆ పరీక్ష’ అంది.

నాన్న నవ్వారు. అమ్మ నవ్వలేదు. భోజనాల బల్ల దగ్గర కూర్చుని, కాగితం మీద పేరూ, హోదా రాసింది, స్టాఫ్ నర్స్ అని. రెండు గంటలు రాసింది. క్యాసెట్ రెండుసార్లు వేశారు. రైలు ఎక్కడికి పోతోందో తెలియకపోయినా అమ్మ ఏదో రాసింది. నాన్న ఎర్ర కలం తీసి దిద్దడం మొదలుపెట్టారు. మొదట చకచకా దిద్దారు, రెండో పేజీకి నెమ్మదించారు, మూడో పేజీలో కలం చాలాసేపు గాల్లో ఉండిపోయింది. లిజనింగ్‌లో ముప్ఫైకి రెండు. మొత్తం ముప్ఫై నాలుగు.

‘జువైనా కంటే ఏడు తక్కువ’ అంది అమ్మ. ‘నాకు ఇంగ్లీషు రాదని తేలిపోయింది కదా. తొమ్మిదేళ్ళుగా ఆ వార్డులో ఎవరు ఏం చెబుతున్నారో అర్థంకాకుండానే మందులిచ్చానన్నమాట. రేపట్నించి వెళ్ళను. రాజీనామా మీరే రాసిపెట్టండి, నేను రాస్తే తప్పులొస్తాయి.’

ఆ గొంతులో వెటకారం ఉంది, కానీ కళ్ళల్లో నీళ్ళున్నాయి. నాన్న వాటినే చూశారు. కలానికి మూత పెట్టారు. లేచి కుండలో నీళ్ళు ముంచుకుని తాగారు. ఆఖరికి, ‘పరీక్షలో ఏదో లోపం ఉంది, రత్నం’ అన్నారు. పాతికేళ్ళు పరీక్షలు పెట్టిన మనిషి నోట ఆ మాట రావడం మామూలు విషయం కాదు. ఉతికిన చొక్కా తెమ్మని నన్నడిగి, వేసుకుని, అప్పటికప్పుడే నాసర్ గారింటికి బయల్దేరారు. మేమూ వెళ్ళాం, ఆడవాళ్ళ గుమ్మంలోంచి.

మజ్లిస్‌లో జరిగింది నాన్న తర్వాత చెప్పారు. పరీక్షలోనే తప్పుందని చెబితే నాసర్ గారు కాఫీ కప్పు దించకుండా, ‘ముందు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?’ అని అడిగారట. తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో, పిల్ల తప్పు కాదు, ప్రశ్న తప్పు అన్నారట నాన్న. పదిమంది మగవాళ్ళ ముందు. ఊళ్ళో ఒక ఉస్తాద్ అలా అనడం అంతకుముందెవరూ వినలేదు. అయినా నాసర్ గారు తేల్చలేదు. తేల్చింది వాళ్ళమ్మ, అంటే జువైనా నాయనమ్మ. లోపలి గదిలోంచి తెర పక్కకి వచ్చి నిలబడి, తను అన్ని పాఠాలకీ కూర్చున్నానని చెప్పింది. ఇంగ్లీషు తనకి రాదు, కానీ సిస్టర్ మాట్లాడితే పిల్ల జవాబు చెబుతుంది, పిల్ల మాట్లాడితే సిస్టర్ జవాబు చెబుతుంది. ఆ పెట్టె మాత్రం ఎవరి జవాబు కోసమూ ఆగలేదు. మనిషి ఎదురుగా ఉంటే మాట్లాడగల పిల్లని మనుషులుండే చోటికే కదా పంపేది అంది. కొడుకు తల్లికి ఎదురు చెప్పలేదు.

నేను ఆ లోపలి గదిలో జువైనా ముందు కూర్చున్నాను. కావాలనే అలా చదివానని చెప్పాను. ఇంగ్లీషులో చెప్పడం తేలికైంది. తెలుగులోనైతే నోరు పెగిలేది కాదు. ఆ పిల్ల ఆశ్చర్యపోలేదు. తనకు తెలుసంది. రోజూ వినే గొంతే కదా, నీకు ఎక్కడికీ వెళ్ళే పనిలేదు, అంత తొందరెందుకా అనుకున్నానంది. తర్వాత పాఠం ఇప్పుడు చదవమంది. కాగితం లేదు, జ్ఞాపకం ఉన్నంతవరకు నెమ్మదిగా చెప్పాను. అన్నీ అర్థమయ్యాయి, ఒక్కటి తప్ప. రైలు మిస్సయిందంటే ఎవరైనా వెతకడానికి వెళ్ళారా అని అడిగింది.

జువైనా మస్కట్ వెళ్ళింది. మొదటి వారంలోనే అక్కడివాళ్ళు కొత్తగా వచ్చిన పిల్లలందరికీ తమ పరీక్ష తాము పెట్టి, దాదాపు అందరినీ కలిపి ముందొక ఏడాది ఇంగ్లీషు నేర్పే తరగతుల్లో కూర్చోబెట్టారట. సెలవులకొచ్చి ఆ సంగతి చెబితే నాన్న డీలా పడిపోయారు. అయితే నా పరీక్ష దేనికి అన్నారు. మీకోసం అంది అమ్మ. ఆరేళ్ళ తర్వాత ఆ పిల్ల మా అమ్మ ఆసుపత్రిలోనే లాబొరేటరీలో చేరింది. అప్పటికి నేను ఇండియాలో ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. అమ్మ ఉత్తరాల్లో ఆ పిల్ల రాసే రిపోర్టుల ప్రస్తావన ఉండేది. చదవగానే అర్థమవుతాయి అని రాసేది. అమ్మ దృష్టిలో ఇంగ్లీషుకి అంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు. నాన్న ఇంట్లో పరీక్షలు మానేశారు. కోడి మాత్రం చివరిదాకా వేరే కొట్లోనే కొన్నారు.

ఇప్పుడు మా ఊళ్ళో పిల్లలు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కంప్యూటర్ ముందు కూర్చుని ఇంగ్లీషు పరీక్ష రాస్తున్నారు. మాట్లాడే పరీక్ష కూడా మెషీనుతోనే. ముందు తరగతులు, తరగతుల తర్వాత నమూనా పరీక్షలు, పాసయ్యాక కూడా వెళ్ళినచోట మళ్ళీ పరీక్ష. మెషీనుకి ఎవరిమీదా అసూయ ఉండదని నాకు నచ్చజెబుతారు. నిజమే. తప్పు తనదని ఒప్పుకుని చొక్కా వేసుకుని బయల్దేరే పని కూడా దానికి లేదు.

నేను పాతికేళ్ళు కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. ఒక ఏడాది ఎంట్రన్సులో లిజనింగ్ పాఠం చదవడానికి నన్ను వేశారు. మైకు ముందు నిలబడి, ప్రతి ఫుల్‌స్టాప్ దగ్గర రెండు అంకెలు కాదు, ఐదు లెక్కపెట్టాను. వెనక వరసలో ఒకమ్మాయి కలం ఆగితే, ఆ వాక్యం అడక్కుండానే మళ్ళీ చదివాను. నా హాల్లో పిల్లలకి మిగతా హాళ్ళకంటే మార్కులు చాలా ఎక్కువొచ్చాయి. ఏదో జరిగిందని విచారణ వేశారు. అంత నెమ్మదిగా ఎందుకు చదివారో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమన్నారు. ఇంగ్లీషులో రెండు పేజీలు రాసిచ్చాను. అసలు కారణం తప్ప అన్నీ రాశాను. ప్రిన్సిపాల్ గారు చదివి, సంజాయిషీ ఏమీ బాగాలేదు గానీ మేడం, భాషలో ఒక్క తప్పు లేదు అన్నారు.